చిగుళ్ల జబ్బుకు యాంటీబయాటిక్స్ ఎవరికి అవసరం? క్లీనింగ్ లేకుండా మాత్రలతోనే తగ్గుతుందా?

బ్రష్ చేస్తుంటే రక్తం కనిపిస్తుంది. నోటి నుంచి వాసన వస్తోందని ఇంట్లోవాళ్లు అంటారు. గట్టి పదార్థం ఏదైనా కొరికితే పన్ను కదిలినట్టు అనిపిస్తుంది. ఇలాంటప్పుడు చాలామంది ముందు వెళ్లేది డెంటిస్టు దగ్గరికి కాదు, వీధి చివర మెడికల్ షాపుకు. 'చిగుళ్లు వాచాయి, ఏదైనా ఇవ్వండి' అంటే తరచూ చేతికొచ్చేది నాలుగైదు యాంటీబయాటిక్ మాత్రలు, వాటితోపాటు ఒక నొప్పి మాత్ర.

రెండు మూడు రోజుల్లో వాపు దిగుతుంది. జబ్బు పోయిందనుకుంటారు. నెల తర్వాత మళ్లీ రక్తం, మళ్లీ అదే షాపు. ఈలోగా చిగురు కింద ఎముక మాత్రం నెమ్మదిగా కరుగుతూనే ఉంటుంది.

మరోవైపు, డెంటిస్టు దగ్గర చిగుళ్ల లోపలి వరకు శుభ్రం చేయించుకున్న వాళ్లలో కొందరికి వారం రోజుల యాంటీబయాటిక్ కోర్సు కూడా రాస్తారు. పక్కింటివాళ్లకు రాసి మనకు రాయకపోతే 'మనకు సరిగా వైద్యం చేయలేదేమో' అన్న అనుమానం వస్తుంది. ఇంతకీ ఈ మాత్రలు ఎవరికి అవసరం? ఎంత మేలు చేస్తాయి?

క్లుప్తంగా చెప్పాలంటే, చిగుళ్ల జబ్బు ఉన్నవాళ్లలో ఎక్కువమందికి యాంటీబయాటిక్స్ అవసరం లేదు. కొద్దిమందికి అవి కొంత అదనపు మేలు చేస్తాయి. కానీ ఎవరి విషయంలోనూ అవి క్లీనింగ్‌కు బదులు కావు.

చిగుళ్ల జబ్బు అంటే ఏమిటి?

పళ్ల మీద రోజూ ఏర్పడే జిగట పొరను పాచి అంటాం. సరిగా తోమకపోతే అది గట్టిపడి గారగా మారుతుంది. దానిమీద పెరిగే సూక్ష్మజీవులకు మన శరీరం స్పందించడం వల్ల చిగురు ఎర్రబడి, వాచి, తాకితే రక్తం వస్తుంది. ఈ తొలి దశను జింజివైటిస్ అంటారు. శుభ్రత సరిచేసుకుంటే ఇది పూర్తిగా తగ్గిపోతుంది.

పట్టించుకోకపోతే కొందరిలో ఇది పీరియడాంటైటిస్‌గా మారుతుంది. పెద్దవాళ్లు 'పయోరియా' అనేది దీన్నే. ఇందులో చిగురు పంటి నుంచి విడిపోయి, మధ్యలో సంచిలాంటి ఖాళీ ఏర్పడుతుంది. దాన్నే డెంటిస్టులు 'పాకెట్' అంటారు. ఆరోగ్యంగా ఉన్న చిగురు దగ్గర ఈ లోతు 1 నుంచి 3 మిల్లీమీటర్లు ఉంటుంది. 4 మి.మీ. లేదా అంతకంటే ఎక్కువ ఉండి, రక్తం కూడా వస్తుంటే జాగ్రత్త పడాలి. పన్నును పట్టి ఉంచే ఎముక ఈ దశలో కరగడం మొదలవుతుంది. కరిగిన ఎముక చాలావరకు తిరిగి రాదు. చికిత్సతో చేయగలిగేది ప్రధానంగా మిగిలినదాన్ని కాపాడుకోవడమే.

ఇది అరుదైన జబ్బేమీ కాదు. తీవ్రమైన చిగుళ్ల జబ్బు కేసులు ప్రపంచవ్యాప్తంగా 100 కోట్లకు పైగా ఉన్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదికలో అంచనా వేసింది. మొదట్లో నొప్పి దాదాపు ఉండదు కాబట్టి పన్ను కదిలేదాకా చాలామందికి తెలియదు. సిగరెట్ తాగేవాళ్లలో రక్తం కారడం తక్కువగా కనిపిస్తుంది. జబ్బు లేదని వాళ్లు మరింత పొరబడే ప్రమాదం ఉంది.

ఆపరేషన్ లేని చికిత్సలో ఏం చేస్తారు?

మొదట చిగురు పైన కనిపించే గార, పాచి తీస్తారు. ఇది స్కేలింగ్. తర్వాత పాకెట్ల లోపలికి సన్నటి పరికరాలు పంపి, వేరు మీద పేరుకున్నదాన్ని తొలగిస్తారు. దీన్ని రూట్ ప్లానింగ్ అనీ, వాడుకలో డీప్ క్లీనింగ్ అనీ అంటారు. అవసరమైతే మత్తు ఇంజెక్షన్ ఇస్తారు. జబ్బు తీవ్రతను బట్టి రెండు నుంచి నాలుగు సిట్టింగులు పట్టవచ్చు.

సుమారు మూడు నెలల తర్వాత పాకెట్ల లోతు మళ్లీ కొలుస్తారు. అప్పటికీ లోతైన పాకెట్లు మిగిలితే ఆ చోట్ల మళ్లీ శుభ్రం చేస్తారు, లేదా చిన్న ఆపరేషన్ గురించి ఆలోచిస్తారు.

ఈ క్లీనింగ్ ఒక్కదానికే ఎంత శక్తి ఉందో చాలామందికి తెలియదు. 2020లో వెలువడిన ఒక అధ్యయనాల సమీక్ష ప్రకారం, యాంటీబయాటిక్ లేకుండా చికిత్స చేసినా 6 నుంచి 8 నెలలు గడిచేసరికి సగటున 74% పాకెట్లు మూసుకున్నాయి. లోతు సగటున 1.7 మి.మీ. తగ్గింది.

'క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయి, సందులు వస్తాయి' అన్న భయం మన దగ్గర గట్టిగా ఉంది. చికిత్స వాయిదా వేసి మాత్రలతో నెట్టుకురావడానికి ఇదొక పెద్ద కారణం. నిజానికి ఆ సందులు అప్పటికే ఉంటాయి. వాటిని గార నింపి ఉంచుతుంది. గార తీసి, వాపు దిగాక చిగురు తన అసలు స్థితికి కుంచించుకుపోతుంది. దాంతో ఖాళీలు బయటపడతాయి. కొన్ని రోజులు చల్లనివి తాగితే జివ్వుమంటుంది. పన్నును వదులు చేసేది క్లీనింగ్ కాదు, ఎముకను కరిగించే జబ్బు.

మాత్రలు ఒక్కటే ఎందుకు పనిచేయవు?

ఇంటి మీది నీళ్ల ట్యాంకులో అడుగున పాకుడు పట్టిందనుకోండి. పైనుంచి బ్లీచింగ్ పౌడర్ చల్లితే నీళ్లలోని క్రిములు కొన్ని చస్తాయి. పాకుడు మాత్రం అలాగే ఉంటుంది. దాన్ని గీకి కడగాల్సిందే.

పాచి కూడా అలాంటిదే. దీన్ని వైద్యులు బయోఫిల్మ్ అంటారు. ఇందులో వందల రకాల సూక్ష్మజీవులు ఒక జిగట పొరలో కలిసికట్టుగా ఉంటాయి. ఆ పొర దాటి మందు లోపలికి సరిగా చేరదు. లోపలి సూక్ష్మజీవులు మందకొడిగా పెరుగుతుంటాయి కాబట్టి మందు వాటిమీద అంతగా పనిచేయదు. అందుకే మాత్రలు మాత్రమే వేసుకుంటే పై వాపు తగ్గి, లోపల జబ్బు మిగులుతుంది. గారనైతే ఏ మాత్రా కరిగించలేదు.

డెంటిస్టు యాంటీబయాటిక్ ఇవ్వాలని నిర్ణయించినా, పాకెట్ల లోపల శుభ్రం చేయడం పూర్తయ్యే సమయానికే దాన్ని మొదలుపెట్టిస్తారు. పొర చెదిరిన తర్వాత మిగిలిన సూక్ష్మజీవుల మీద మందు బాగా పనిచేస్తుందన్నది దీని వెనుక ఆలోచన.

క్లీనింగ్‌కు మాత్రలు కలిపితే ఎంత లాభం?

ఈ విషయంలో ఎక్కువగా పరిశోధన జరిగింది అమాక్సిసిలిన్, మెట్రోనిడజోల్ రెండూ కలిపి వాడే పద్ధతి మీద. క్లీనింగ్ మాత్రమే చేసినవాళ్లతో పోలిస్తే ఈ మందులు కూడా తీసుకున్నవాళ్లలో పాకెట్ల లోతు సగటున మరో అర మిల్లీమీటరు లోపు అదనంగా తగ్గినట్టు అధ్యయనాలు చూపించాయి. లోతైన పాకెట్లలో తేడా కాస్త ఎక్కువ.

జర్మనీలో పలు కేంద్రాల్లో జరిగిన ఒక పెద్ద అధ్యయనం 2015లో వెలువడింది. అందులో అందరికీ క్లీనింగ్ చేశారు. సగంమందికి ఈ రెండు మందులు వారం పాటు ఇచ్చారు, మిగతావాళ్లకు అచ్చం అలాగే కనిపించే ఉత్తుత్తి మాత్రలు ఇచ్చారు. రెండేళ్లకు పైగా గమనించాక చూస్తే, ఉత్తుత్తి మాత్రలు తీసుకున్నవాళ్లలో 7.8% చోట్ల చిగురు పట్టు మరింత కోల్పోయింది. అసలు మందు తీసుకున్నవాళ్లలో అది 5.3%. అంటే కొలిచిన ప్రతి 100 చోట్లలో దాదాపు రెండు మూడు చోట్ల తేడా. తేడా ఉన్న మాట నిజమే, కానీ అది చిన్నది. రెండు వర్గాల్లోనూ అత్యధిక శాతం చోట్ల జబ్బు ముదరలేదు.

వైద్య పరిశోధనలను జల్లెడపట్టే కాక్రేన్ సంస్థ 2020లో 45 ప్రయోగాలను, వాటిలో పాల్గొన్న 2,664 మంది వివరాలను పరిశీలించింది. ఏడాది, అంతకుమించిన కాలానికి ఈ మందుల ప్రయోజనం గురించి ఉన్న ఆధారాల బలం 'చాలా తక్కువ' అని తేల్చింది.

మరి ఎవరికి ఇవ్వొచ్చు?

యూరోపియన్ ఫెడరేషన్ ఆఫ్ పీరియడాంటాలజీ 2020లో ఇచ్చిన మార్గదర్శకాలు ఈ విషయంలో సూటిగా ఉన్నాయి. చిగుళ్ల క్లీనింగ్‌తో పాటు నోటి ద్వారా తీసుకునే యాంటీబయాటిక్స్‌ను అందరికీ అలవాటుగా ఇవ్వకూడదని అవి చెబుతున్నాయి. కొన్ని ప్రత్యేక వర్గాల విషయంలో ఆలోచించవచ్చని మినహాయింపు ఇచ్చాయి. చిన్న వయసులోనే నోటిలో చాలా పళ్ల చుట్టూ తీవ్రంగా ఎముక కరిగినవాళ్లను ఉదాహరణగా చూపించాయి.

అంటే, 25 ఏళ్ల వయసులోనే అనేక పళ్లు వదులైన వ్యక్తికి డెంటిస్టు మాత్రలు రాయడంలో అర్థముంది. 50 ఏళ్ల వయసులో కొద్ది చోట్ల 5 మి.మీ. పాకెట్లు ఉన్న వ్యక్తికి సాధారణంగా వాటి అవసరం ఉండదు. ఉత్త జింజివైటిస్‌కు అసలే అక్కర్లేదు.

ఇక్కడ రెండు విషయాలను కలగలపకూడదు. చిగుళ్లలో చీము గడ్డ కట్టి జ్వరం రావడం, వాపు ముఖానికి పాకడం వేరే పరిస్థితి. చీము తీసేయడంతో పాటు అక్కడ యాంటీబయాటిక్ అవసరమవుతుంది. అలాగే గుండెలో కృత్రిమ కవాటం ఉన్నవాళ్లకు, గతంలో గుండె లోపొరకు ఇన్‌ఫెక్షన్ వచ్చినవాళ్లకు చిగుళ్ల చికిత్సకు ముందు ఒక డోసు యాంటీబయాటిక్ ఇస్తారు. అది గుండెకు రక్షణ కోసం, చిగుళ్ల జబ్బు తగ్గడానికి కాదు. మీకు గుండె సమస్య ఉంటే కుర్చీలో కూర్చోకముందే డెంటిస్టుకు చెప్పండి.

ఈ మందులతో జాగ్రత్తలు

• పెన్సిలిన్ అలర్జీ ఉన్నవాళ్లు అమాక్సిసిలిన్ వాడకూడదు. గతంలో ఏదైనా మాత్రకు దద్దుర్లు, ఆయాసం వచ్చి ఉంటే తప్పక చెప్పాలి.

• మెట్రోనిడజోల్ వాడుతున్నన్ని రోజులు, ఆపాక కనీసం మూడు రోజుల వరకు మద్యం తాగవద్దని సాధారణంగా సూచిస్తారు. నోటిలో లోహపు రుచి, వికారం ఈ మందుతో మామూలే.

• రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వాడేవాళ్లలో మెట్రోనిడజోల్ దాని ప్రభావాన్ని పెంచుతుంది. రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంటుంది.

• గర్భిణులకు, చిన్నపిల్లలకు డాక్సీసైక్లిన్ సాధారణంగా ఇవ్వరు. ఎదిగే పళ్ల మీద మరకలు పడే ప్రమాదం ఉంది.

• విరేచనాలు తీవ్రంగా అవుతుంటే మందు ఆపాలా వద్దా అన్నది వెంటనే డాక్టర్‌ను అడగాలి.

మందు వల్ల దుష్ప్రభావం కలిగితే ఫార్మకోవిజిలెన్స్ ప్రోగ్రామ్ ఆఫ్ ఇండియా ఉచిత నంబర్ 1800-180-3024కు మీరే ఫోన్ చేసి చెప్పవచ్చు.

చిగురులోనే పెట్టే మందుల సంగతేంటి?

కొన్ని చోట్ల డెంటిస్టులు మాత్రలకు బదులు పాకెట్‌లోనే మందు పెడతారు. క్లోర్‌హెక్సిడిన్ చిప్, డాక్సీసైక్లిన్ జెల్, టెట్రాసైక్లిన్ ఫైబర్ ఇలాంటివి. మందు కావాల్సిన చోటే ఉంటుంది, ఒళ్లంతా తిరగదు. క్లీనింగ్ తర్వాత కూడా ఒకటి రెండు చోట్ల పాకెట్ మొండిగా ఉంటే వీటిని వాడవచ్చు. ఇవి కూడా ఇచ్చే అదనపు లాభం చిన్నదే. ఖర్చు పెరుగుతుంది కాబట్టి 'ఎన్ని చోట్ల, ఎందుకు' అని ముందే అడగడం మంచిది.

క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ కొద్ది రోజులకే. నెలల తరబడి పుక్కిలిస్తే పళ్ల మీద గోధుమరంగు మరకలు పడతాయి, రుచి తెలియడం తగ్గుతుంది.

షుగర్ ఉన్నవాళ్లు ఎందుకు పట్టించుకోవాలి?

ఐసీఎంఆర్ మద్దతుతో జరిగిన సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. వాటి ప్రకారం దేశంలో సుమారు 10.1 కోట్లమందికి మధుమేహం ఉంది. షుగర్ అదుపులో లేకపోతే చిగుళ్ల జబ్బు ముదురుతుంది. చిగుళ్ల జబ్బు ముదిరితే షుగర్ అదుపు తప్పుతుంది. చిగుళ్లకు చికిత్స చేస్తే మూడు నాలుగు నెలల్లో హెచ్‌బీఏ1సీ సగటున 0.4 శాతం మేర తగ్గుతున్నట్టు 2022 కాక్రేన్ సమీక్ష చూపించింది. అంటే 8.0 ఉన్నవాళ్లకు దాదాపు 7.6కు దిగడం. షుగర్ ఉంది కాబట్టి యాంటీబయాటిక్ తప్పనిసరి అనుకోనక్కర్లేదు. తప్పనిసరిగా కావాల్సింది క్లీనింగ్.

చిన్న కోర్సే కదా, వేసుకుంటే పోయేదేముంది?

యాంటీబయాటిక్ చిగుళ్లకు మాత్రమే వెళ్లదు. పేగుల్లో, చర్మం మీద ఉండే సూక్ష్మజీవుల మీదా పనిచేస్తుంది. వాటిలో మందుకు లొంగనివి మిగిలి పెరుగుతాయి. రేపు నిమోనియా వచ్చినప్పుడో, ఆపరేషన్ గాయం చీము పట్టినప్పుడో ఆ మందు పనిచేయకపోవచ్చు. మందులకు లొంగని బ్యాక్టీరియా వల్లే నేరుగా 2019లో ప్రపంచంలో 12.7 లక్షల మంది చనిపోయారని లాన్సెట్ పత్రికలో 2022లో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ యాంటీబయాటిక్స్‌ను వర్గాలుగా విభజించింది. అమాక్సిసిలిన్, మెట్రోనిడజోల్ మొదటి వరసలో వాడదగినవి. అజిత్రోమైసిన్ నిరోధకత ముప్పు ఎక్కువ కాబట్టి ఆచితూచి వాడాల్సినది. మన మెడికల్ షాపుల్లో పంటి నొప్పికి తేలిగ్గా చేతికొచ్చే ఓఫ్లాక్సాసిన్–ఆర్నిడజోల్ కలిపిన మాత్రనైతే 'సిఫారసు చేయని' మిశ్రమాల జాబితాలో పెట్టింది.

చట్టం ఏం చెబుతోంది?

అమాక్సిసిలిన్, మెట్రోనిడజోల్ వంటివి డ్రగ్స్ రూల్స్‌లోని షెడ్యూల్ హెచ్ కిందకు వస్తాయి. చీటీ లేకుండా అమ్మకూడదు. కొన్ని శక్తిమంతమైన యాంటీబయాటిక్స్‌ను 2014 మార్చి 1 నుంచి షెడ్యూల్ హెచ్1లో పెట్టారు. వాటిని ఎవరికి అమ్మారో షాపు రిజిస్టరులో రాసి మూడేళ్లు ఉంచాలి. షీటు వెనుక నిలువుగా ఎర్ర గీత కనిపిస్తే డాక్టర్ చీటీ లేకుండా వేసుకోకూడదని అర్థం. దీనిపై కేంద్ర ఆరోగ్య శాఖ 2016లో ప్రచారం కూడా చేపట్టింది.

తక్కువ ఖర్చుతో చికిత్స ఎక్కడ?

హైదరాబాద్, విజయవాడ, కడపలో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఆసుపత్రులున్నాయి. చిగుళ్ల జబ్బులకు అక్కడ ప్రత్యేక విభాగం ఉంటుంది. ఓపీలో పేరు రాయించుకున్నాక చిగుళ్ల సమస్య అని చెబితే పీరియడాంటిక్స్ విభాగానికి పంపుతారు. అధ్యాపకుల పర్యవేక్షణలో పీజీ వైద్యులు చికిత్స చేస్తారు. ప్రైవేటు క్లినిక్‌తో పోలిస్తే ఎక్కువసేపు పట్టవచ్చు, మళ్లీ మళ్లీ వెళ్లాల్సి రావచ్చు. అందుకు తగ్గట్టు సెలవు చూసుకోండి. జిల్లా ఆసుపత్రుల్లో దంత వైద్యులు ఉన్నచోట స్కేలింగ్ చేయించుకోవచ్చు. వాడుతున్న మందుల చీటీలు, పాత ఎక్స్‌రేలు, షుగర్ రిపోర్టు వెంట తీసుకెళ్లండి.

డెంటిస్టును ఏం అడగాలి?

• నా పాకెట్ల లోతు ఎంత? ఎన్ని చోట్ల 4 మి.మీ. దాటింది? ఆ కొలతల కాగితం ఇవ్వండి.

• ఎక్స్‌రేలో ఎముక ఎంత కరిగింది?

• యాంటీబయాటిక్ రాశారు కదా, నా విషయంలో ప్రత్యేకంగా ఎందుకు? అది లేకుండా మొదట క్లీనింగ్ చేసి మూడు నెలలకు చూడొచ్చా?

• మళ్లీ కొలతకు ఎప్పుడు రావాలి?

వీటికి విసుక్కోకుండా సమాధానం చెప్పే డెంటిస్టును వదులుకోవద్దు. మాత్రలు రాస్తే చెప్పిన మోతాదులో, చెప్పినన్ని రోజులు వేసుకోండి. మిగిలినవి దాచి ఇంట్లో ఇంకొకరికి ఇవ్వకండి.

ఇక మీ చేతుల్లో ఉన్నది రోజూ చేసే పని. రెండు పూటలా బ్రష్ చేయాలి, పళ్ల సందులను చిన్న బ్రష్‌తోనో ఫ్లాస్‌తోనో శుభ్రం చేసుకోవాలి, సిగరెట్, గుట్కా మానేయాలి. డెంటిస్టు చెప్పిన గడువుకు చెకప్‌కు వెళ్లాలి. జబ్బు తీవ్రతను బట్టి ఆ గడువు 3 నుంచి 12 నెలల మధ్య ఉంటుంది. పాచి రోజూ ఏర్పడుతుంది. వారం రోజుల మాత్రలు ఏడాది పొడవునా దాన్ని ఆపలేవు.

వెంటనే ఆసుపత్రికి ఎప్పుడు వెళ్లాలి?

చిగురు వాపు బుగ్గకో, దవడ కిందికో పాకినా, జ్వరం వచ్చినా, నోరు తెరవడం కష్టమైనా, మింగడానికి, ఊపిరి తీయడానికి ఇబ్బంది అయినా మెడికల్ షాపు మాత్రలతో ఆగవద్దు. రాత్రయినా సరే అత్యవసర విభాగానికి వెళ్లాలి.